లింకేజ్‌ని చీటీలతో, రూపాయి బిళ్లతో లెక్కపెట్టి నేర్చుకోవడం ఎలా

శ్రీకాకుళంలో ఇంటర్ బైపీసీ పిల్లలకు సాయంత్రం పూట ట్యూషన్ చెబుతాను. ఒక రోజు ఒక అమ్మాయి వాళ్లమ్మ ఫీజు ఇవ్వడానికి వచ్చి, బోర్డు మీదున్న "లింకేజ్" అన్న మాట దగ్గర ఆగిపోయింది. "మేస్టారూ, మా సంఘానికి మొన్ననే బ్యాంకు లింకేజీ పడింది. ఈ లింకేజీ ఏటండీ? అదీ ఇదీ ఒకటేనా?" అని అడిగింది.

చాలా మంచి ప్రశ్న. పుస్తకంలోని నిర్వచనం చదివి వినిపిస్తే ఆమెకి ఏమీ అందదు. ఆ నిర్వచనం బట్టీ పట్టిన పిల్లలకీ అందదు. నేను చదువుకున్న కాలేజీలో ఈ పాఠాన్ని ఒక్క గంటలో ముగించేశారు. నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ డిగ్రీకి వచ్చాక నాలుగు అంకెలు ఇచ్చి "ఈ రెండు జన్యువులూ లింక్ అయి ఉన్నాయా? ఉంటే ఎంత దూరంలో?" అని అడిగితే కలం కదల్లేదు. ఆ టెన్షన్ మీకు రాకూడదని ఇది రాస్తున్నాను.

మీకు కావలసినవి: ఒక నోట్‌బుక్కు, పెన్ను, 10 చీటీలు, వాటిని కలపడానికి ఒక స్టీలు డబ్బా, ఒక రూపాయి బిళ్ల, ఓపిగ్గా కూర్చోవడానికి ఒక సాయంత్రం. పట్టు ఒక్కటే గుర్తుంచుకోండి. జన్యుశాస్త్రంలో లింకేజ్ అంటే రెండు జన్యువులు (లక్షణాల్ని తల్లిదండ్రుల నుంచి పిల్లలకి మోసే ముక్కలు) తరచుగా కలిసే వెళ్లడం. ఆ లెక్క ఎప్పుడొచ్చినా, విడిపోయినవి ఎన్నో ముందు లెక్కపెట్టండి. కలిసి వెళ్లినవి ఎన్నో దాన్నిబట్టే తెలుస్తుంది.

ముందు మాటని విప్పండి

"లింకేజ్" అన్న మాట ఏ పుస్తకంలో కనిపించినా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఏ రెండూ కలిశాయి? దేని వల్ల కలిశాయి? ఈ రెండింటికీ జవాబు దొరికితే అది ఏ శాస్త్రపు లింకేజో తెలిసిపోతుంది.

డ్వాక్రా సంఘం సంగతి చూడండి. ఒక వైపు సంఘం, ఇంకో వైపు బ్యాంకు. వాటిని కలిపేది పొదుపు, అప్పు. నాబార్డు 1992లో మొదలుపెట్టిన పథకం పేరులోనే ఈ మాట ఉంది కాబట్టి, అది మన ఊళ్లలో ఇంటి మాట అయిపోయింది.

రసాయనశాస్త్రంలో లింకేజ్ అంటే అణువుల మధ్య పడే బంధం. దీనికి పొందూరు ఖద్దరు పంచె కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పంచెలో ఉన్న పత్తి దాదాపు అంతా సెల్యులోజ్. దాన్ని బిరుసుగా నిలబెట్టడానికి పెట్టే గంజిలో ఉన్నది పిండిపదార్థం. రెండూ గ్లూకోజ్ ముక్కలు వరసగా చేరి ఏర్పడినవే. ఒక గ్లూకోజ్‌ని ఇంకో గ్లూకోజ్‌తో కలిపే లింకేజ్ గంజిలో ఆల్ఫా రకం, పత్తిలో బీటా రకం. అంత చిన్న తేడాకే గంజి మన కడుపులో అరుగుతుంది, గుడ్డ అరగదు. బియ్యం మనకీ గడ్డి ఆవుకీ ఎందుకు వెళ్తున్నాయో కూడా ఇందులోనే ఉంది. ఆవు పొట్టలో ఉన్న సూక్ష్మజీవులు బీటా లింకేజ్‌ని తెంచగలవు.

కాలితో తొక్కే కుట్టుమిషను యంత్రాల లింకేజ్. పెడల్ పైకీ కిందికీ ఊగుతుంది, మధ్యలో ఉన్న కడ్డీ ఆ ఊపుని చక్రం తిరగడంగా మారుస్తుంది. భౌతికశాస్త్రంలో తీగచుట్టలో ఎన్ని చుట్లున్నాయో, ఒక్కో చుట్టు గుండా వెళ్లే అయస్కాంత అభివాహం ఎంతో, ఆ రెండింటినీ గుణిస్తే వచ్చేదాన్ని ఫ్లక్స్ లింకేజ్ అంటారు. అర్థశాస్త్రంలో 1958లో ఆల్బర్ట్ హిర్ష్‌మన్ వెనుక లింకేజ్, ముందు లింకేజ్ అని రెండు మాటలు వాడాడు. పలాసలో జీడిపప్పు తీసే బట్టీ ఉందనుకోండి, వెనుక జీడితోటలు, ముందు మిఠాయి దుకాణాలు. బట్టీ నడిస్తే రెండు వైపులా పని పుడుతుంది.

జన్యుశాస్త్రపు లింకేజ్ వీటిలా ఉండదు. ఇక్కడ రెండు జన్యువులకీ మధ్య బంధమేమీ లేదు. ఒకదాన్ని ఒకటి తాకవు. రెండూ ఒకే క్రోమోజోమ్ మీద, అంటే జన్యువులు వరసగా ఉండే ఒకే పోగు మీద ఉన్నాయి, అంతే. పైగా దీనికి జవాబు "ఉంది, లేదు" అని కాకుండా శాతంలో వస్తుంది. మిగతా లింకేజ్‌లకీ దీనికీ అసలు తేడా ఇక్కడే. తెలుగు మీడియం పుస్తకాల్లో దీన్ని సహలగ్నత అంటారు. నేను ఇక్కడ లింకేజ్ అనే వాడతాను.

రెండు దండలు పట్టుకుని చూడండి

విజయనగరం గంట స్తంభం వైపు పూల కొట్లలో మల్లెదండా కనకాంబరం దండా పక్కపక్కనే వేలాడుతుంటాయి. ఆ రెండు దండల్నీ మనసులో తెచ్చుకోండి. ఒకటి మీకు అమ్మ నుంచి వచ్చిన క్రోమోజోమ్, ఇంకోటి నాన్న నుంచి వచ్చింది. పొడవు ఒకటే, పూల సంఖ్య ఒకటే. మొదటి పువ్వు స్థానంలో ఒక జన్యువు, మూడో పువ్వు స్థానంలో ఇంకో జన్యువు.

మీ పిల్లలకి ఈ జత నుంచి ఒక్క దండే వెళ్తుంది. మల్లెదండ వెళ్తే దాని మీదున్న అన్ని పూలూ కలిసే వెళ్తాయి. మొదటి పువ్వు మల్లె అయి, మూడోది కనకాంబరం కావడానికి దారి లేదు. ఇదే లింకేజ్.

అయితే అండం గానీ వీర్యకణం గానీ తయారయ్యేటప్పుడు ఈ రెండు దండలూ పక్కపక్కన చేరి, ఒకే చోట తెగి, తోకలు మార్చుకుని మళ్లీ అతుక్కుంటాయి. దీన్నే క్రాసింగ్ ఓవర్ అంటారు. సగం మల్లె, సగం కనకాంబరం ఉన్న కొత్త దండ పుడుతుంది. తెగిన చోటు మొదటి పువ్వుకీ మూడో పువ్వుకీ మధ్య పడితే ఆ రెండూ విడిపోతాయి. వాటి అవతల ఎక్కడో పడితే విడిపోవు. కాబట్టి దగ్గరున్న పూలు అరుదుగా, దూరంగా ఉన్నవి తరచుగా విడిపోతాయి. ఇంత వరకు అర్థమైతే పాఠంలో సగం వచ్చేసినట్టే.

ఇంకో వివరం ఇప్పుడే పట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆ సమయానికి ఒక్కో దండా ఇంకో నకలు తీసుకుని జంటగా ఉంటుంది. అంటే మొత్తం నాలుగు పోగులు. ఒక కోత పడితే అందులో రెండు పోగులే మారతాయి, మిగతా రెండూ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

చీటీల ఆట ఆడండి

ఈ పని నిజంగా చేయండి. చదివి వదిలేస్తే ప్రయోజనం లేదు.

నోట్‌బుక్కులో 11 గళ్ల వరస గీయండి. గళ్ల మధ్య 10 గీతలుంటాయి. ఆ గీతలకి 1 నుంచి 10 వరకు అంకెలు వేయండి. 1వ గడిలో ఒక జన్యువు, 3వ గడిలో రెండోది, 11వ గడిలో మూడోది ఉన్నాయనుకోండి. వీటికి మా పిల్లలు రాము, సోము, భీము అని పేర్లు పెట్టారు, మనమూ అలాగే పిలుద్దాం. 10 చీటీల మీద 1 నుంచి 10 వరకు రాసి డబ్బాలో వేసి కలపండి.

ఒక చీటీ తీయండి. ఆ అంకె గీత దగ్గర కోత పడిందని లెక్క. తర్వాత రూపాయి బిళ్ల ఎగరేయండి. బొమ్మ పడితే బిడ్డకి తెగి అతుక్కున్న పోగు వెళ్లింది. బొరుసు పడితే తెగని పోగు వెళ్లింది. నాలుగు పోగుల్లో రెండే మారతాయని చెప్పాను కదా, ఆ సగం సంగతి ఈ బిళ్ల చూసుకుంటుంది.

బొరుసు పడితే "ఎవరూ విడిపోలేదు" అని రాయండి. బొమ్మ పడి చీటీ 1 గానీ 2 గానీ అయితే, రాము సోము నుంచీ భీము నుంచీ విడిపోయాడు. బొమ్మ పడి చీటీ 3 నుంచి 10 లోపు అయితే రాము, సోము కలిసే ఉన్నారు, భీము విడిపోయాడు. చీటీని మళ్లీ డబ్బాలో వేసి కలిపి ఇంకోటి తీయండి. ఇలా 100 సార్లు. ఇద్దరు కూర్చుని ఒకరు తీస్తూ ఒకరు రాస్తే గంటలోపు అయిపోతుంది.

లెక్క ప్రకారం రాము, సోము 100లో 10 సార్లు విడిపోవాలి. సోము, భీము 40 సార్లు. రాము, భీము 50 సార్లు. మీకు కచ్చితంగా ఇవే రావు. మా ట్యూషన్‌లో ఒకసారి 12, 37, 49 వచ్చాయి. పిల్లలు "తప్పొచ్చింది మేస్టారూ" అన్నారు. తప్పేమీ కాదు, 100 సార్లే ఆడితే అంత తేడా సహజం. అందుకే ఈ పరిశోధనలు చేసేవాళ్లు వందల్లో, వేలల్లో పిల్లల్ని లెక్కపెడతారు.

ఇప్పుడు మీ కాగితం వైపు చూడండి. రాము, భీము వరసకి ఆ చివరా ఈ చివరా ఉన్నారు. కోత ఎక్కడ పడినా వాళ్ల మధ్యే పడాలి. అయినా విడిపోయింది సగం సార్లే. వాళ్లని ఇంకా దూరంగా పెట్టినా 50 దాటదు. 50 శాతం అంటే రెండు జన్యువులు వేర్వేరు క్రోమోజోమ్‌ల మీద ఉన్నట్టే ప్రవర్తిస్తున్నాయని అర్థం. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ బఠానీల్లో ఎంచుకున్న 7 లక్షణాల జన్యువులూ ఏడు వేర్వేరు క్రోమోజోమ్‌ల మీద ఉన్నాయని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. బఠానీకి 7 క్రోమోజోమ్ జతలున్న మాట నిజమే గానీ, ఆ జన్యువుల్లో కొన్ని ఒకే క్రోమోజోమ్ మీద ఉన్నాయి. వాటిలో బాగా దూరంగా ఉన్నవి స్వతంత్రంగా ఉన్నట్టే కనిపిస్తాయి.

నిజమైన అంకెల మీద చేయి తిప్పండి

లింకేజ్ మొదట కనబడింది 1905 ప్రాంతంలో, ఇంగ్లండులో. బేట్సన్, సాండర్స్, పన్నెట్ అనే ముగ్గురు స్వీట్ పీ పూల మొక్కల్ని సంకరం చేశారు. ఊదా పువ్వు, పొడవు పుప్పొడి ఒక వైపు. ఎర్ర పువ్వు, గుండ్రటి పుప్పొడి ఇంకో వైపు. ఆ రెండు లక్షణాలూ దేనికది విడిగా వెళ్తే రెండో తరంలో ఊదా పొడవు, ఊదా గుండ్రం, ఎర్ర పొడవు, ఎర్ర గుండ్రం వరసగా 9:3:3:1 పాళ్లలో రావాలి. 381 మొక్కల్లో దాని ప్రకారం సుమారు 214, 71, 71, 24 ఉండాలి. వచ్చినవి 284, 21, 21, 55. తాతల పోలికలో ఉన్నవి ఎక్కువైపోయాయి, కలగాపులగంగా ఉన్నవి తగ్గిపోయాయి. ఏదో జరుగుతోందని వాళ్లు గుర్తించారు గానీ, కారణం క్రోమోజోమ్ అని పట్టుకోలేకపోయారు.

దాన్ని పట్టుకున్నది అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్. మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగలే ఆయన పనిముట్టు. 1910లో తెల్ల కన్నున్న ఈగ దొరికింది, 1911కల్లా లింకేజ్ సిద్ధాంతం వచ్చింది, 1933లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ ఈగల లెక్క ఒకటి మీరే చేయండి. బూడిదరంగు ఒళ్లు, మామూలు రెక్కలున్న ఈగని నల్ల ఒళ్లు, కురచ రెక్కలున్న ఈగతో కలిపారు. మొదటి తరం అంతా బూడిదరంగు, మామూలు రెక్కలు. అందులోంచి ఆడ ఈగని తీసుకుని నల్ల ఒళ్లు, కురచ రెక్కలున్న మగ ఈగతో కలిపారు. ఆడదాన్నే ఎందుకు తీసుకోవాలంటే, ఈ జాతి మగ ఈగల్లో క్రాసింగ్ ఓవర్ జరగదు. మగదాన్ని తీసుకుంటే విడిపోయినవి ఒక్కటీ కనిపించవు. పరీక్షల్లో ఇది అడుగుతారు కూడా.

పుట్టిన ఈగలు ఇవి. బూడిద ఒళ్లు మామూలు రెక్క 965. నల్ల ఒళ్లు కురచ రెక్క 944. బూడిద ఒళ్లు కురచ రెక్క 206. నల్ల ఒళ్లు మామూలు రెక్క 185.

ముందు మొత్తం కూడండి: 2300. తర్వాత పెద్ద గుంపులు రెండూ ఏవో చూడండి: 965, 944. అవి పాత జోడీలు. చిన్న గుంపులు రెండూ విడిపోయినవి: 206, 185. కలిపితే 391. దాన్ని 2300తో భాగించి 100తో గుణిస్తే 17. అంటే ఆ రెండు జన్యువులూ 17 శాతం సార్లు విడిపోతున్నాయి. 50 కంటే బాగా తక్కువ కాబట్టి లింక్ అయి ఉన్నాయి, వాటి మధ్య దూరం 17 మ్యాప్ యూనిట్లు (విడిపోయే ఒక్కో శాతానికీ ఒక్కో యూనిట్).

ఇక్కడ ఎక్కువ మంది చేసే తప్పు చెబుతాను. నల్ల ఒళ్లూ కురచ రెక్కా చూడ్డానికి "తేడాగా" ఉన్నాయి కాబట్టి అవే విడిపోయిన రకం అనుకుంటారు. ఈగ ఎలా కనబడుతోందో అనవసరం. తాతల్లో ఏ జోడీ ఉందో అదే పాత జోడీ. ఒకవేళ మొదట బూడిద ఒళ్లు కురచ రెక్క ఈగని నల్ల ఒళ్లు మామూలు రెక్క ఈగతో కలిపి ఉంటే, పెద్ద గుంపులూ చిన్న గుంపులూ తారుమారయ్యేవి. శాతం మాత్రం అదే 17 దగ్గర ఉండేది. కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందు తాతల వరస కాగితం మీద రాసుకోండి. ఈ ఒక్క అలవాటుతో సగం పొరపాట్లు పోతాయి.

మ్యాప్ యూనిట్‌కి ఇంకో పేరు సెంటీమోర్గాన్. మోర్గాన్ పేరుని కొలతగా పెట్టింది బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్, 1919లో. ఆయన 1957లో మన దేశానికి వచ్చేసి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయారు. తన శరీరం వైద్య విద్యార్థుల చదువుకి ఉపయోగపడాలని రాసిపెట్టారు. ఆ ప్రకారం దాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి అప్పగించారు. మన వైపు పిల్లలు సెంటీమోర్గాన్ అని రాసే ప్రతిసారీ ఈ సంగతి తెలిసి రాయాలని నా కోరిక.

వరస కట్టండి

మోర్గాన్ దగ్గర ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్ అని ఒక డిగ్రీ విద్యార్థి ఉండేవాడు. విడిపోయే శాతాన్ని దూరంగా తీసుకుంటే జన్యువుల వరస తెలుస్తుంది కదా అని 1911లో అతనికి తట్టింది. కాలేజీ హోంవర్క్ పక్కన పెట్టి రాత్రి చాలాసేపు కూర్చుని మొదటి జన్యు పటం గీశాడు. 1913లో అచ్చయింది.

మీ చీటీల ఆట అంకెలతో అదే పని చేయండి. మా పిల్లల అంకెలు తీసుకుంటే 12, 37, 49. అన్నింటిలో పెద్దది రాము, భీముల మధ్య 49. కాబట్టి వాళ్లిద్దరూ చివర్లు, సోము మధ్యలో. 12, 37 కలిపితే 49, సరిపోయింది. విజయనగరం నుంచి చీపురుపల్లి, చీపురుపల్లి నుంచి ఆముదాలవలస, రెండు దూరాలూ కలిపితే విజయనగరం నుంచి ఆముదాలవలస దూరం రావాలి కదా, అలాగే. పటం చూడకుండా దూరాల పట్టీ ఒక్కటి చూసి స్టేషన్ల వరస చెప్పేయొచ్చు.

నిజమైన జీవుల్లో కూడిక ఇంత శుభ్రంగా రాదు. మన ఆటలో ఒకసారికి ఒకే కోత. నిజంలో రెండు కోతలు కూడా పడతాయి. రాము, భీముల మధ్య ఒకే పోగు మీద రెండు చోట్ల తెగితే మధ్య ముక్క మారి చివర్లు మళ్లీ కలిసిపోతాయి. జరిగింది రెండు కోతలు, మన లెక్కలో విడిపోవడం సున్నా. అందుకే దూరపు జన్యువుల మధ్య దూరం ఎప్పుడూ తక్కువగా కనిపిస్తుంది. దాన్ని సరిచేసే సూత్రాన్ని కూడా 1919లో హాల్డేన్ ఇచ్చారు. మీరు చేయాల్సింది సులువే: దూరాన్ని ఒకేసారి కొలవకుండా, దగ్గర దగ్గర జన్యువుల మధ్య కొలిచి కూడుకుంటూ వెళ్లండి.

మనుషుల సంగతికి వస్తే

మనుషుల్ని ఈగల్లా సంకరం చేయలేం, ఒక్కో ఇంట్లో ఇద్దరో ముగ్గురో పిల్లలు. ఇక్కడ రూపాయి బిళ్ల మళ్లీ తీయండి. రెండు జన్యువులకీ సంబంధం లేకపోతే, ఒక బిడ్డలో అవి కలిసి రావడం బొమ్మ పడటం లాంటిది, సగానికి సగం. పది మంది బిడ్డల్లో పది మందిలోనూ కలిసే వచ్చాయనుకోండి. వరసగా పది సార్లు బొమ్మ పడటానికి 1024లో ఒక్క అవకాశం. 1024కి లాగరిథమ్ వేస్తే 3.01. ఈ అంకెనే లాడ్ స్కోర్ అంటారు. 1955లో న్యూటన్ మార్టన్ దీన్ని ప్రతిపాదించి, 3 దాటితే లింకేజ్ ఉన్నట్టు తీసుకోవచ్చన్నాడు. లాగరిథమ్ ఎందుకంటే, ఒక్కో కుటుంబంలో వచ్చిన స్కోర్లని మామూలుగా కూడేయొచ్చు. పది మంది ఒకే ఇంట్లో ఉండనక్కర్లేదు.

మనుషుల్లో లింకేజ్‌కి మొదటి అంచనా 1937లో జూలియా బెల్, హాల్డేన్ కలిసి ఇచ్చారు. గాయమైతే రక్తం గడ్డకట్టని హీమోఫీలియాకీ, రంగులు తేడా తెలియకపోవడానికీ మధ్య. అయితే నాకు పాఠం చెప్పేటప్పుడు ఎక్కువ ఉపయోగపడేది ఇంకోటి. గోళ్లూ మోకాలిచిప్పా సరిగా ఏర్పడని ఒక అరుదైన జబ్బు జన్యువుకీ, ఏబీఓ రక్త గ్రూపు జన్యువుకీ లింకేజ్ ఉందని 1955లో తేలింది. రెండూ 9వ క్రోమోజోమ్ మీద ఉన్నాయి. "అయితే A గ్రూపు వాళ్లకి ఆ జబ్బు వస్తుందా మేస్టారూ?" అని పిల్లలు వెంటనే అడుగుతారు. రాదు. ఒక కుటుంబంలో జబ్బు జన్యువు A గ్రూపున్న దండ మీద ఉంటుంది, ఇంకో కుటుంబంలో B గ్రూపున్న దండ మీద. ఆ ఇంట్లో ఆ జోడీ, ఈ ఇంట్లో ఈ జోడీ. ఊరంతటినీ కలిపి చూస్తే ఏ ఒక్క గ్రూపుకీ ప్రత్యేకం ఏమీ ఉండదు. లింకేజ్ జన్యువులున్న చోట్ల గురించి చెబుతుంది, ఒకటి ఇంకోదానికి కారణం అని ఎప్పుడూ చెప్పదు.

మన వైపు ఇంకో అపోహ మేనరికం గురించి. మేనమామనో బావనో చేసుకుంటే జబ్బులు "లింక్" అవుతాయని అంటుంటారు. అక్కడ జరిగేది వేరు. దగ్గరి బంధువులిద్దరి దగ్గరా ఒకే ముత్తాత నుంచి వచ్చిన ఒకే దాగి ఉన్న జన్యువు ఉండే అవకాశం ఎక్కువ, బిడ్డకి రెండు వైపుల నుంచీ అదే చేరితే జబ్బు బయటపడుతుంది. దాన్ని లింకేజ్ అనకండి. అయితే ఆ జబ్బు జన్యువుతో పాటు దాని చుట్టుపక్కల దండ ముక్క కూడా రెండు వైపుల నుంచీ అదే వస్తుంది కాబట్టి, ఆ ముక్కని వెతికి జన్యువు ఎక్కడుందో కనిపెట్టే పద్ధతిని 1987లో లాండర్, బాట్‌స్టెయిన్ చెప్పారు. ఆ వెతుకులాటలో పనికొచ్చేది లింకేజే.

చివరి పని పొలంలో

వంశధార, నాగావళి పొంగినప్పుడు వరి చేలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోవడం మన రైతులకి తెలిసిన బాధే. స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, దిగుబడిలో మంచిదే గానీ మునకని తట్టుకోలేదు. ఒడిశా నాటు వరి నుంచి వచ్చిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే రకానికి మునిగినా బతికే గుణం ఉంది. ఆ గుణమిచ్చే సబ్1 అనే జన్యువు, వరికున్న 12 క్రోమోజోమ్ జతల్లో 9వ దాని మీద ఉంది. దాన్ని స్వర్ణలోకి తేవాలి.

రెండింటినీ సంకరం చేసి ఊరుకుంటే సరిపోదు. సబ్1తో పాటు అదే దండ మీద దాని పక్కనున్న నాటు జన్యువులూ వచ్చేస్తాయి. మనం పిలిచింది ఒక్కరినే అయినా పక్కవాళ్లూ వెంటపడి వస్తారు. దీన్ని లింకేజ్ డ్రాగ్ అంటారు. వదిలించుకోవాలంటే వచ్చిన మొక్కని మళ్లీ స్వర్ణతో, దాని పిల్లని మళ్లీ స్వర్ణతో, ఇలా తరం తర్వాత తరం కలుపుతూ వెళ్లాలి. ప్రతి తరంలో ఏ మొక్కలో సబ్1కి అతి దగ్గరగా కోత పడిందో డీఎన్ఏ గుర్తులతో చూసి దాన్నే ఉంచుకోవాలి. ముందు ఒక వైపు కోత పడిన మొక్క, తర్వాతి తరంలో రెండో వైపు కోత పడిన మొక్క. అంత దగ్గర్లో కోత అరుదు, అందుకే వందల మొక్కల్ని పరీక్షించాలి. మీరు చీటీల ఆటలో 1, 2 అంకెల కోసం ఎదురు చూశారు చూడండి, ఇక్కడ శాస్త్రవేత్తల ఎదురుచూపు కూడా అదే. ఇలా తయారైన స్వర్ణ సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది. సుమారు రెండు వారాల మునకని తట్టుకుంటుంది, మిగతా అంతా స్వర్ణే.

మిగతా అంతా అన్నాను గానీ, ఒక్కటి తప్ప. స్వర్ణ వడ్ల ఊక బంగారు రంగులో ఉంటుంది. స్వర్ణ సబ్1 ఊక ఎండుగడ్డి రంగు. ఊక రంగుని మార్చే జన్యువు సబ్1కి మరీ దగ్గరగా ఉండటంతో ఆ రెండింటి మధ్య కోత పడిన మొక్క దొరకలేదు. బియ్యానికి దాని వల్ల నష్టం లేదు. విత్తనాల్లో తేడా పట్టడానికి అదొక గుర్తుగా కూడా పనికొస్తుంది.

వరి కోతలయ్యాక, రెండు రకాలూ వేసిన రైతు మీ చుట్టాల్లో ఎవరైనా ఉంటే, కళ్లంలోంచి చెరో గుప్పెడు అడిగి తెచ్చుకోండి. తెల్ల కాగితం మీద పక్కపక్కన పోయండి. ఒక కుప్పకున్న గడ్డి రంగు విడిపోని జోడీ. మీ నోట్‌బుక్కులో రాము, సోముల పక్కన ఆ వడ్లు నాలుగు అతికించి, కింద తేదీ వేయండి.